శంషాబాద్‌లో దిగి నాందేడ్ సచ్‌ఖండ్ దాకా: పుష్పక్, రైలు, షేరింగ్ ఆటో

మహారాష్ట్రలోని నాందేడ్‌కే విమానాశ్రయం ఉండగా శంషాబాద్‌లో దిగడమెందుకని ఆ జిల్లాలోని మా ధర్మాబాద్ వైపు వాళ్లను బయటి ఊళ్ల చుట్టాలు అడుగుతూనే ఉంటారు. ఉంది, నిజమే. 2008లో గురుగద్దీ (సిక్కుల గ్రంథ్ సాహిబ్‌ను గురువుగా ప్రకటించిన ఘట్టం) 300 ఏళ్ల ఉత్సవాలకు ఆ పాత విమానాశ్రయాన్ని బాగుచేసి పెంచారు. సిక్కుల సచ్‌ఖండ్ గురుద్వారాకు అయిదారు కిలోమీటర్ల దూరం, ఆటో ఎక్కితే అయిపోయే పని. చిక్కల్లా విమానాలతోనే. కొన్నాళ్లు నడుస్తాయి, ఆగిపోతాయి, మళ్లీ మొదలవుతాయి. నడిచే రోజుల్లోనూ నాలుగైదు ఊళ్లకే. మీ తేదీకి టికెట్ దొరికితే హాయిగా రండి. దొరక్కపోతే శంషాబాదే దిక్కు. అక్కణ్నుంచి నాందేడ్ దాకా టాక్సీ ముట్టుకోకుండా మేం వెళ్లే దారి చెబుతాను.

ఈ యాత్రలో నిజంగా కష్టమైన ముక్క 270 కిలోమీటర్ల రైలు కాదు, విమానాశ్రయం నుంచి స్టేషన్‌కు వెళ్లే 35 కిలోమీటర్లు. రైళ్లు తప్పిపోయేది అక్కడే.

టెర్మినల్ బయటికి రాగానే టాక్సీవాళ్లు చుట్టుముడతారు. వాళ్లను దాటుకుని ఆర్టీసీ పుష్పక్ బస్సులు నిలిచే చోటికి వెళ్లండి. రాత్రీ పగలూ తేడా లేకుండా నడుస్తాయి, అన్నీ ఏసీ బస్సులే, సూట్‌కేసులు పెట్టుకోవడానికి చోటుంటుంది. అయితే అన్నీ ఒక దారిన పోవు. కొన్ని గచ్చిబౌలి మీదుగా జేఎన్‌టీయూ వైపు, కొన్ని ఎల్‌బీ నగర్ వైపు, కొన్ని సికింద్రాబాద్ వైపు. బోర్డు చూసి ఊరుకోకుండా "సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఆపుతారా అన్నా" అని కండక్టర్ నోటితో చెప్పించుకుని ఎక్కండి. ఎందుకంటే సికింద్రాబాద్ అని రాసున్న బస్సు మిమ్మల్ని స్టేషన్ గేటు ముందే దింపుతుందని లేదు, కాస్త ముందు చౌరస్తాలో దింపినా దింపొచ్చు. ముసలివాళ్లు వెంట ఉంటే ఆ అరకిలోమీటరే పెద్ద తంటా.

ఖాళీ రోడ్డు మీద గంటంబావు పట్టే దారి ఆఫీసుల వేళకు రెండు గంటలవుతుంది. అందుకని దేశంలోపలి విమానమైతే దిగే టైముకూ రైలు టైముకూ మధ్య నాలుగు గంటలు, విదేశం నుంచి వస్తుంటే అయిదు గంటలు వదలండి. మిగిలిన టైము స్టేషన్‌లో కూర్చుంటే పోయేదేం లేదు. విమానం అరగంట ఆలస్యం, సామాన్ల బెల్టు ఇంకో అరగంట, బస్సు నిండేదాకా ఆగడం, మెహదీపట్నం ట్రాఫిక్కు. ఇవన్నీ ఒకే రోజు తగులుతాయి.

కాచిగూడలో ఎక్కాల్సిన రైలైతే లెక్క వేరు. నేరుగా కాచిగూడ స్టేషన్‌కు తీసుకెళ్లే పుష్పక్ కోసం ఎదురుచూడకుండా ఆరాంఘర్ మీదుగా వెళ్లే బస్సెక్కి, అక్కడ దిగి ఆటో పట్టుకోవడం మేలు. ఉందానగర్ స్టేషన్ దగ్గరే కదా, ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో పోవచ్చు కదా అని కొందరంటారు. మ్యాపులో దగ్గరే. కానీ విమానాశ్రయం నుంచి అక్కడికి వెళ్లడానికే ఆటో మాట్లాడుకోవాలి, పైగా ఎంఎంటీఎస్ బండ్లు గంటల తేడాతో వస్తాయి. పెట్టెలు లేనివాళ్లకు సరే.

ఇంకొక మెలిక. సికింద్రాబాద్ స్టేషన్‌ను తిరగకడుతున్నందువల్ల చాలా రైళ్లను చర్లపల్లికీ, కాచిగూడకూ, ఇతర స్టేషన్లకూ మార్చారు. చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరిలో మొదలైంది, అది ఊరికి తూర్పు కొసన ఉంది. టికెట్ కొన్నాక మార్చినా మెసేజ్ వస్తుంది గానీ, విమానంలో ఫోన్ ఆపేసుకున్నవాళ్లకు అది ఎప్పుడు కనిపిస్తుందో తెలీదు. దిగగానే టికెట్ మీద ఎక్కే స్టేషన్ పేరు మళ్లీ చదవండి. బస్సు ఎంచుకోవాల్సింది ఆ తర్వాతే.

ఇక రైళ్లు. వెతికేటప్పుడు నాందేడ్ అని కొట్టినా స్టేషన్ పేరు హుజూర్ సాహిబ్ నాందేడ్ అని వస్తుంది, కంగారు పడొద్దు, రెండూ ఒకటే. మధ్యాహ్నం సికింద్రాబాద్ దాటే ముంబయి దేవగిరి ఎక్స్‌ప్రెస్ మా అందరి మొదటి ఎంపిక. పొద్దున విమానం దిగినవాళ్లకు అందుతుంది, నాందేడ్‌లో సాయంత్రానికి దింపుతుంది. సాయంత్రం కాచిగూడలో బయల్దేరే అజంతా ఎక్స్‌ప్రెస్ రెండోది, రాత్రి పొద్దుపోయాక చేరుతుంది. ఆ వేళకూ గది దొరుకుతుంది గానీ, పండుగ రోజుల్లో కష్టం. టైములు టైంటేబుల్ మారినప్పుడల్లా అటూ ఇటూ అవుతాయి, ముందురోజు చూసుకోవాల్సిందే.

పేరు విని ఎక్కి మోసపోయే రైళ్లు రెండున్నాయి. తిరుపతి నుంచి వచ్చే రాయలసీమ ఎక్స్‌ప్రెస్ నిజామాబాద్‌తోనే సరి. కృష్ణా ఎక్స్‌ప్రెస్ మా ధర్మాబాద్, ఉమ్రి మీదుగా ముద్‌ఖేడ్ దాకా వస్తుంది, అక్కడ ఇంజిన్ అటువైపు తగిలించుకుని భోకర్, కిన్వట్ మీదుగా ఆదిలాబాద్ వెళ్లిపోతుంది. నాందేడ్ ముఖం చూడదు. దాంట్లో వచ్చినవాళ్లు ముద్‌ఖేడ్‌లో దిగి మిగిలిన ఇరవై పైచిలుకు కిలోమీటర్లకు మరో బండో బస్సో చూసుకోవాలి. నిద్రపోయారా, కిన్వట్ అడవుల్లో తెల్లారుతుంది.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. వెయిటింగ్ టికెట్ పట్టుకుని స్లీపర్‌లో సర్దుకుందామనుకుంటే ఇప్పుడు కుదరదు, దింపేస్తారు. జనరల్ పెట్టెలో వచ్చేవాళ్లకు ఒక సంగతి: బాసర దాకా ఓర్చుకుంటే చాలు. పెట్టెలో సగం మంది అక్షరాభ్యాసాలకు వెళ్లేవాళ్లే, పలకలూ బలపాలూ పిల్లలతో సహా అక్కడ దిగిపోతారు, సీట్లు వాటంతటవే ఖాళీ అవుతాయి.

రైలు ఆలస్యానికి కారణం ఎక్కువగా ఒంటి లైనే. మేడ్చల్ దాటాక ముద్‌ఖేడ్ దాకా చాలా భాగం ఒకే పట్టా, రెండో లైను పనులు నడుస్తున్నాయి. ఎదురు బండికి దారివ్వడానికి ఏ చిన్న స్టేషన్‌లోనో పావుగంట, ఇరవై నిమిషాలు నిలిపేస్తారు. నాలుగున్నర, అయిదు గంటల ప్రయాణం ఆరు గంటలైనా ఆశ్చర్యం లేదు. తిరుగు ప్రయాణంలో విమానం ఉన్నవాళ్లు ఈ లెక్క మరవకూడదు.

నవీపేట దాటి బాసర రాకముందే గోదావరి వంతెన వస్తుంది. ఆడవాళ్లు కొంగుముడిలోంచి రూపాయి బిళ్లలు తీసి కిటికీ ఊచల్లోంచి విసురుతారు. సగం బిళ్లలు ఇనుప దూలాలకు తగిలి ఠంగుమని మోగుతాయి, మిగతావి నీళ్లలో పడతాయి. నీళ్లు నిండుగా ఉన్నాయా లేదా చూసి ఆ ఏడు పంట మాట మాట్లాడుకోవడం మా వాళ్ల అలవాటు. వంతెన దాటాక మళ్లీ గోదావరి దాటే పని లేదు. బాసర, ధర్మాబాద్, నాందేడ్ మూడూ ఉత్తర గట్టు మీదే ఉన్నాయి. బాసర తర్వాత మహారాష్ట్ర. ధర్మాబాద్‌లో మిరపకాయల బస్తాలు, ప్లాట్‌ఫారం మీద తెలుగూ మరాఠీ కలగలిసిన మాటలు. ఇక్కడిదాకా తెలుగుతో బండి నడుస్తుంది, నాందేడ్‌లో హిందీ చాలు. నాందేడ్‌కు కాస్త ముందు మాల్‌టేక్‌డి అని ఓ చిన్న స్టేషన్ వస్తుంది. ఊరి ఇళ్లు కనిపించాయని అక్కడ దిగొద్దు.

రైలు టికెట్ దొరకనివాళ్లకు బస్సుంది. సంగారెడ్డి, జోగిపేట, పిట్లం, మద్నూర్, దెగ్లూర్ మీదుగా 161వ నంబరు జాతీయ రహదారి, ఆరు గంటలు అటూ ఇటూ. తెలంగాణ ఆధార్ ఉన్న ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్ బస్సులో సరిహద్దు దాకా జీరో టికెట్, ఆపైన మాత్రమే డబ్బు. సూపర్ లగ్జరీలో ఆ వెసులుబాటు లేదు. దెగ్లూర్‌లో దిగి మహారాష్ట్ర ప్రభుత్వ ఎస్టీ ఎర్రబస్సు ఎక్కితే అక్కణ్నుంచి ఆడవాళ్లందరికీ సగం టికెట్, 75 దాటినవాళ్లకు ఉచితం, 65 దాటినవాళ్లకు సగం. ఇదంతా మహారాష్ట్ర హద్దుల్లోపలి ప్రయాణానికే. ఫొటో గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి, ఫోన్‌లో ఫొటో తీసుకున్నది చూపిస్తే కండక్టర్‌తో వాదన తప్పదు. నలుగురైదుగురు ఆడవాళ్లున్న గుంపుకు దెగ్లూర్‌లో మారడం గిట్టుబాటే. ఇద్దరే అయితే ఆ ఎక్కిదిగే బాధ దండగ, రైలుకే నా ఓటు.

నాందేడ్ స్టేషన్‌లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం వైపు బయటికి రండి. గురుద్వారా అక్కణ్నుంచి రెండు కిలోమీటర్ల లోపే. గురుద్వారా బోర్డు యాత్రికుల కోసం స్టేషన్ నుంచి ఉచిత బస్సు నడుపుతుంది. రైలు వచ్చినప్పుడు నిండిపోతుంది, తర్వాతిదాని కోసం కొంచెం ఆగాలి. ఆగలేనివాళ్లు షేరింగ్ ఆటో ఎక్కొచ్చు. "గురుద్వారా" అని మాత్రమే అనొద్దు. ఈ ఊళ్లో గురుద్వారాలు చాలా ఉన్నాయి. లంగర్ సాహిబ్ వేరే, నగీనా ఘాట్ వేరే, సంగత్ సాహిబ్ వేరే. "సచ్‌ఖండ్" అనండి. మనిషికింతా, బండికింతా అన్నది ఎక్కకముందే తేల్చుకోండి, ఎందుకంటే ఆటోవాడు చెప్పింది ఒక లెక్క, మీరు విన్నది ఇంకో లెక్క అవుతుంది.

ముందు గదుల కోసం యాత్రీ నివాస్ కౌంటర్‌కు వెళ్లాలి, దర్శనం ఆ తర్వాతే. సామాన్లు మోసుకుంటూ లోపలికి వెళ్లడం కుదరదు కదా. ప్రతి ఒక్కరి ఆధార్ అడుగుతారు, కొంత డిపాజిట్ కట్టించుకుని ఖాళీ చేసేటప్పుడు తిరిగిస్తారు. ఆ రసీదు పారేస్తే డిపాజిట్ మీద ఆశ వదులుకోవాల్సిందే. దసరా, దీపావళి, హోలా (హోలీ వేళ సిక్కుల పండుగ), గురుపూరబ్ (గురువుల జయంతి) రోజుల్లో పంజాబ్ నుంచి రైళ్ల కొద్దీ జనం దిగుతారు. అప్పుడు గది దొరుకుతుందన్న భరోసాతో రావద్దు.

సచ్‌ఖండ్ సిక్కుల అయిదు తఖ్తుల్లో, అంటే అత్యున్నత పీఠాల్లో ఒకటి. గురు గోవింద్ సింగ్ 1708 అక్టోబర్‌లో ఇక్కడే దేహం చాలించారు. తన తర్వాత మనిషి గురువు ఉండడు, గ్రంథ్ సాహిబే గురువు అని చెప్పింది కూడా ఇక్కడే. ఇప్పుడున్న కట్టడాన్ని 1832, 1837 మధ్య మహారాజా రంజిత్ సింగ్ కట్టించాడు. లోపలి గర్భగృహాన్ని అంగీఠా సాహిబ్ అంటారు, ముఖ్య అర్చకుడు తప్ప ఎవరూ అడుగు పెట్టరు. మన గుళ్ల ఆచారం తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. తెల్లవారుజామున గోదావరి నుంచి బిందెతో నీళ్లు తెచ్చి లోపల కడుగుతారు.

తలకు గుడ్డ తప్పనిసరి, ఆడైనా మగైనా పిల్లలైనా. టోపీ పనికిరాదు. పెద్ద రుమాలో తువ్వాలో ఇంటి నుంచే తెచ్చుకోండి, అక్కడ ఇచ్చేవి జారిపోతుంటాయి. చెప్పులు జోడాఘర్‌లో ఇచ్చి బిళ్ల తీసుకోవాలి, గుంపులో ఒక్కరి దగ్గరే అన్ని బిళ్లలూ పెట్టకండి. కాళ్లు కడుక్కునే నీళ్ల కాలువలోంచి నడిచి లోపలికి వెళ్తారు. జేబులో సిగరెట్, గుట్కా, ఖైనీ ఏదున్నా బయటే పారేయండి, ఈ ఒక్క విషయంలో ఎవరూ మొహమాటపడరు. వేసవిలో మధ్యాహ్నం పాలరాయి కాళ్లు కాలుస్తుంది, పరిచిన పట్టాల మీదే నడవాలి. సాయంత్రం ప్రార్థన తర్వాత గురువుగారి పాత ఆయుధాలను ఒక్కొక్కటీ చూపించి పేరు చెబుతారు. దేవగిరిలో వచ్చి గదిలో సామాన్లు పడేసి వెంటనే బయల్దేరితే ఒక్కోసారి అందుతుంది, లేకపోతే మర్నాటికి వాయిదా.

లంగర్‌లో, అంటే ఉచిత భోజనశాలలో, పంక్తిలో నేల మీద కూర్చోవాలి. రొట్టె వడ్డించేటప్పుడు పళ్లెం చూపించకండి, రెండు అరచేతులూ చాపండి, వాటిలో పెడతారు. కడా ప్రసాదం (హల్వా) కూడా రెండు చేతులతోనే. అన్నం కూడా వస్తుంది, కానీ మొదటి వరుసలోనే రాదు, కాబట్టి అన్నం తినేవాళ్లు రొట్టెలతో కడుపు నింపేసుకోవద్దు. వడ్డించింది మిగల్చడం తప్పు, చాలనుకుంటే రెండు చేతులూ జోడిస్తే అర్థం చేసుకుంటారు.

మర్నాడు ఊళ్లోని మిగతా గురుద్వారాలు చూపే బస్సులుంటాయి, అడిగితే కౌంటర్‌లోనే చెబుతారు. బందా ఘాట్, నగీనా ఘాట్ నడిచే దూరం. శికార్ ఘాట్, హీరా ఘాట్, మాతా సాహిబ్ దూరం, వాటికి బస్సే సరి. సగం రోజు పడుతుంది.

తిరుగు ప్రయాణంలో బాసర కలుపుకోవాలనుకునేవాళ్లు నాందేడ్ నుంచి పొద్దున రైల్లో గంటన్నరలో బాసర చేరతారు. స్టేషన్ నుంచి గుడికి ఆటోలున్నాయి. అమ్మవారి దర్శనం అయ్యాక అక్కణ్నుంచి నిజామాబాద్ బస్సు, నిజామాబాద్ నుంచి హైదరాబాద్‌కు ఆర్టీసీ బస్సులు వెంటవెంటనే ఉంటాయి. అదే రోజు రాత్రి విమానం ఉంటే మాత్రం బాసరను వచ్చేటప్పుడే చూసుకోండి, పోయేటప్పుడు పెట్టుకోవద్దు. నిజామాబాద్ బస్సు సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్‌లో (జేబీఎస్) దింపాక మళ్లీ పుష్పక్ కోసం గంటన్నర చేతిలో ఉండాలి, సాయంత్రం ఆరు తర్వాతైతే రెండు గంటలు.