అమ్మతో తిరువయ్యారు

త్యాగయ్యగారి సమాధి ఉన్న తిరువయ్యారులో ఆయన వర్ధంతి ఆరాధనకి వెళ్ళి వచ్చి నాలుగు రోజులైంది. అమ్మ చీర అంచుకి అంటిన ఇసుక ఇంకా అలాగే ఉంది, ఉతకబుద్ధి కాలేదు. ఇప్పుడు రాయకపోతే పనుల్లో పడి ఇక రాయలేనని కూర్చున్నాను.

మొన్న శ్రావణంలో అమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి కొంచెం కొంచెంగా స్వాధీనంలోకి వచ్చాయి గానీ మాట పోయింది. తెనాలిలో మా ముందు గదిలో చాపలు పరిచి 40 ఏళ్ళు పిల్లలకి సంగీతం చెప్పిన మనిషి, "అదీ... అదీ..." తప్ప ఏమీ అనలేకపోయేది. దాహమేస్తే గ్లాసు వైపు చూపించి, దాన్నేమంటారో నోటికి రాక కళ్ళనీళ్ళు పెట్టుకునేది. మనం చెప్పేవన్నీ అర్థమవుతాయి, తిరిగి చెప్పడమే రాదు. మెదడుకి ఎడమవైపు దెబ్బ తగిలితే ఇలా అవుతుందనీ, మాట పోయినా పాట మిగిలేవాళ్ళు ఉంటారనీ, పాడించి చూడమనీ డాక్టరుగారు అన్నారు. సంగీతంలో తొలి పాఠాలైన పిళ్ళారి గీతాలు పాడించబోయాం. రాలేదు. తను తల తిప్పేసుకుంది.

కార్తీకంలో ఒక సాయంత్రం నేను వంటింట్లో ఫోన్లో త్యాగయ్యగారి పంచరత్నాలు, అయిదు రాగాల్లో అయిదు పెద్ద కీర్తనలు, పెట్టుకుని బీరకాయలు చెక్కు తీస్తున్నాను. నాట రాగంలోది అయింది, గౌళ అయింది, ఆరభి రాగంలోని "సాధించెనే" మొదలైంది. అందులో ప్రతి స్వరసాహిత్యం (స్వరాలకి మాటలు కూర్చిన చరణం) తర్వాతా "సమయానికి తగు మాటలాడెనే" అని మళ్ళీ మళ్ళీ వస్తుంది కదా, మూడోసారో నాలుగోసారో అది వచ్చినప్పుడు హాల్లోంచి ఇంకో గొంతు కలిసింది. బొంగురుగా, కాస్త కిందికి జారుతూ, కానీ అక్షరం పొల్లుపోకుండా. మూడు నెలలుగా ఒక్క మాట లేని మా అమ్మ "సమయానికి తగు మాటలాడెనే" అంటోంది! చేతిలో కత్తి అక్కడే వదిలేసి పరిగెత్తాను. అప్పుడే మొక్కుకున్నాను: నాయనా త్యాగయ్యా, అమ్మకి నాలుగు మాటలు ఇప్పించు, పుష్య బహుళ పంచమికి, నీ ఆరాధన రోజున, నీ దగ్గరికి తీసుకొచ్చి నీ ఎదురుగా ఈ పాట పాడిస్తాను అని.

పుష్యమాసానికి "కాఫీ", "వద్దు", "చాలు", నా పేరు, తమ్ముడి పేరు వచ్చాయి. అంతకంటే ఏం కావాలి. ఆ జనంలోకి అమ్మని తీసుకెళ్ళడమేమిటని తమ్ముడు కేకలేశాడు, చివరికి వాడే టికెట్లు తీసి వాడే తోడొచ్చాడు.

ప్లాను వేసేటప్పుడు త్యాగయ్యగారి జీవితం ఏ వరసలో నడిచిందో మేమూ ఆ వరసలోనే వెళ్దామనుకున్నాను. అందుకని ముందు తిరువారూరు. ఆయన 1767లో అక్కడే పుట్టారు, ఆ ఊరి స్వామి పేరే ఆయనకి పెట్టారు. సంగీత త్రిమూర్తుల్లో మిగతా ఇద్దరు, శ్యామశాస్త్రిగారూ, దీక్షితులవారూ కూడా ఆ ఊళ్ళోనే పుట్టారంటే ఆ నేల ఎలాంటిదో చూడండి. కమలాలయం కోనేరు చూసి అమ్మ చాలాసేపు కదల్లేదు. బస మాత్రం తంజావూరులో పెట్టుకున్నాం, ఆరాధన రోజుల్లో తిరువయ్యారులో గది దొరకడం కష్టం, అక్కణ్ణుంచి 13 కిలోమీటర్లే. పెద్దగుడీ, శ్యామశాస్త్రిగారు కొలిచిన బంగారు కామాక్షి గుడీ చూశాం. సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలు చూడాలని ఎంతో అనుకున్నాను గానీ అమ్మ అలసిపోయింది, మానుకున్నాం.

పంచమి రోజు తెల్లవారుజామున నాలుగింటికి లేచాం. కారు ఎక్కడో దూరంగా ఆపేశారు, అక్కణ్ణుంచి నడక. మామూలు మనిషికి పావుగంట నడక మాకు ముప్పావుగంట పట్టింది. తమ్ముడు ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకుంటే కుడికాలు ఈడ్చుకుంటూ, ఎక్కడా ఆగుదామనకుండా నడిచింది. అమ్మ కింద కూర్చోలేదని మడత స్టూలు ఒకటి తెచ్చుకున్నాం. పందిట్లోకి వెళ్ళబోతుంటే ఒక కుర్రాడు అడ్డొచ్చి, స్టూలు వేస్తే వెనకవాళ్ళకి కనపడదు, బయట పెట్టమన్నాడు. బతిమాలాను. చీటీ ఉందా అన్నాడు. అది ఉన్నవాళ్ళు మా ముందునుంచే వెళ్ళి ముందు కూర్చుంటున్నారు, అందులో సగం మంది పాట మొదలవగానే ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు, ఒకాయనైతే నాలుగో పంచరత్నం, వరాళి, జరుగుతుండగా వీడియో కాల్లో ఎవరికో సమాధి చూపిస్తున్నాడు. 1847లో ఈ తిథి నాడు ఆ మహానుభావుడు రాముడిలో కలిసిపోయిన చోటు అది! చాలా బాధేసింది.

ఆడవాళ్ళ వైపు ఒక గుంజ పట్టుకుని అమ్మ నిలబడింది. కాళ్ళు వణుకుతున్నాయి. నాకు ఏడుపొస్తోంది, అనవసరంగా తెచ్చానేమోనని. అప్పుడు ఆ గుంజకి ఆనుకుని కూర్చున్న ఒక మామి, అరవం పెద్దావిడ, లేచింది. అరవై దాటి ఉంటాయి, తొమ్మిది గజాల చీర, ఒళ్ళో అట్ట చిరిగిన నోటుబుక్కు. అమ్మ వైపు ఒక్కసారి చూసి, ఏమీ అడక్కుండా, "ఉక్కారుంగో", కూర్చోండి, అని తన చోటు చూపించింది. నేనూ ఆవిడా చంకల కింద చేతులు వేసి అమ్మని మెల్లగా కిందికి దించాం. గుంజ వీపుకి ఆనింది. కుడికాలు మడవలేక బార్లా చాపితే, ముందు వరసవాళ్ళకి తగులుతుందని మామి ఆ పాదాన్ని తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. అయ్యయ్యో అని అమ్మ లాక్కోబోయింది. మామి పాదం మీద చెయ్యి వేసి అలాగే ఉంచేసింది.

నాదస్వరం అయ్యాక, వేణువు మీద భైరవి రాగంలో "చేతులార" కీర్తన వాయించారు. తర్వాత నాట. అన్ని వందల గొంతులు ఒక్కసారి "జగదానందకారక" అని ఎత్తుకుంటే ఒళ్ళు ఝల్లుమంది. లోపల త్యాగయ్యగారికి అభిషేకం జరుగుతోంది, మాకు కనపడదు, గంట వినపడుతోంది అంతే.

మామి నోటుబుక్కు నా మోకాలి దాకా జరిపింది. అంతా తమిళ లిపి. త, థ, ద, ధ నాలుగింటికీ వాళ్ళకి ఒకే అక్షరం కదా, అందుకని అక్షరాల మీద చిన్నచిన్న అంకెలు వేసుకున్నారు. "మాటలాడెనే"లో ట కీ డ కీ ఒకే అక్షరం, డ మీద ఎర్రసిరాతో బుజ్జి 3, ట ఠ డ ఢ లలో మూడోదని. మన తెలుగుని తప్పు పలక్కూడదని ఆవిడ పేజీ పేజీకీ ఎన్ని అంకెలు వేసుకుందో! మేము పుట్టుకతో వచ్చిందని ఒక్కనాడైనా ఇంత శ్రద్ధ పెట్టామా అనిపించింది. గౌళ అయ్యాక దొరికిన కాస్త వ్యవధిలో ఆవిడ వేలు "సాధించెనే"లోని "తా బట్టిన పట్టు" మీద పెట్టి, పట్టు అంటే చీర పట్టేనా అని అరవం, ఇంగ్లీషు కలిపి అడిగింది. కాదు మామీ, మొండిపట్టు, పట్టిన పట్టు వదలకపోవడం అని పిడికిలి బిగించి చూపించాను. ఆవిడ అమ్మ వైపు చూసి నవ్వి, పెన్సిలుతో పక్కన రాసుకుంది.

ఆరభి మొదలైంది. స్వరసాహిత్యాల వేగం అమ్మకి అందదు, ఆ భాగం వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుని తొడ మీద ఎడమచేత్తో తాళం వేసేది. తిరిగి "సమయానికి" దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు తెరిచేది. మామి వేలు పుస్తకంలో ఆ పంక్తి మీదికి వచ్చేది, అమ్మ గొంతు లేచేది. ప్రతిసారీ. ఒక్కసారి కూడా తప్పలేదు. చుట్టూ అంతమంది పాడుతున్నా నాకు ఆ ఒక్క గొంతే వినపడింది. మొక్కు తీరింది.

శ్రీరాగం, మంగళం అయ్యాక మామి బస్సుకి టైమైందని లేచింది. కుంభకోణం అట. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఏదో చెప్పాలని పెదాలు కదుపుతోంది, మాట రావడం లేదు. "అదీ... అదీ..." అని ఆగి, మెల్లగా "సమయానికి తగు" అని పాడింది. "మాటలాడెనే" అని మామి పూర్తి చేసి, అమ్మ బుగ్గలు నిమిరి వెళ్ళిపోయింది. పేరైనా అడగలేదు నేను.

ఎండ తగ్గాక దర్శనానికి వెళ్ళాం. తోసేస్తూనే ఉన్నారు, దొరికింది ఒక్క క్షణమే. తడి ఇంకా ఆరని నల్లటి విగ్రహం, మెడ నిండా పూలు, పక్కన దీపం. అమ్మ ఎడమచెయ్యి ఎత్తి దండం పెట్టింది, కుడిచెయ్యి దాని పక్కకి చేర్చింది నేను కాదు, తనే. బయటికి వస్తూ బెంగుళూరు నాగరత్నమ్మగారి సమాధి దగ్గర ఆగాం. తన సొమ్ము పోసి ఈ గుడి కట్టించిందావిడ, ఆడవాళ్ళని ఇక్కడ పాడనివ్వని రోజుల్లో పోరాడి పాడించింది, 1952లో పోయాక కూడా ఆయనకి ఎదురుగానే కూర్చుంది. ఆవిడే లేకపోతే మా అమ్మ ఈరోజు ఆ గుంజ దగ్గర నోరు తెరిచేదా? త్యాగయ్యగారి మెడలోంచి తీసిన పూలదండ అమ్మ అక్కడ పెట్టింది.

తర్వాత కావేరి మెట్లు. తమ్ముడు చెంబుతో నీళ్ళు తెచ్చి అమ్మ కాళ్ళు కడిగాడు. "చల్లగా ఉందా అమ్మా?" అంటే "చల్లగా" అంది. అది కొత్త మాట.

ఇంటికొచ్చాక రోజూ పొద్దున్నే ఆరభి పెట్టమని ఫోన్ చూపిస్తోంది. మొదటి స్వరసాహిత్యం, దేవకీ వసుదేవులది, నిన్న మొత్తం అందుకుంది. ఈరోజు రెండోదానిలో "రంగేశుడు" దాకా వచ్చింది.