వాటర్‌గేట్‌లో నోళ్లు మూయించిన డబ్బు

వాటర్‌గేట్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనం చెప్పుకునేది ఇద్దరు యువ విలేకరుల కథ. వాషింగ్టన్ పోస్ట్‌కు చెందిన వుడ్‌వర్డ్, బెర్న్‌స్టీన్‌లు ఏకంగా అమెరికా అధ్యక్షుణ్ణే గద్దె దింపారన్న మాట మన పత్రికా రంగంలో దాదాపు పురాణ కథలా స్థిరపడిపోయింది. వారి పాత్రను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే సెనేట్ విచారణలో సాక్షులు చెప్పినవీ, నిక్సన్ వైట్‌హౌస్‌లో రికార్డు చేయించుకున్న టేపుల్లో దొరికిన సంభాషణలూ పక్కపక్కన పెట్టి చదివినకొద్దీ, ఆ అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ పతనాన్ని అర్థం చేసుకోవాలంటే అన్నిటికంటే ముందు డబ్బు పద్దు చూడాలన్న అభిప్రాయం నాలో బలపడింది.

1972 జూన్ 17, శనివారం తెల్లవారుజామున వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవన సముదాయంలో ఫ్రాంక్ విల్స్ అనే కాపలాదారు, తలుపు గడియ పడకుండా ఎవరో అంటించిన టేపును చూసి పీకేశాడు. కాసేపటికి మళ్లీ అటు వస్తే అదే తలుపుకు కొత్త టేపు అంటించి ఉంది. అతడు పోలీసులను పిలిచాడు. ఆరో అంతస్తులో ఉన్న డెమొక్రటిక్ పార్టీ జాతీయ కార్యాలయంలో ఐదుగురు దొరికారు. వారి చేతులకు ఆపరేషన్లలో వాడే గ్లవ్స్, దగ్గర కెమెరాలు, రహస్య మైకులు, వరుస నంబర్ల వంద డాలర్ల నోట్లు ఉన్నాయి. ఆ ఐదుగురిలో ఒకడైన జేమ్స్ మెకార్డ్, నిక్సన్‌ను తిరిగి గెలిపించడానికి ఏర్పాటైన ప్రచార కమిటీలోనే భద్రత చూసే మనిషి. వారిని పంపిన హోవర్డ్ హంట్, గోర్డన్ లిడ్డీలలో హంట్ పేరు దొంగల చిరునామా పుస్తకాల్లో వైట్‌హౌస్ ఆనవాలుతో సహా దొరికింది. అధ్యక్షుడి పత్రికా కార్యదర్శి మాత్రం ఇదంతా ఒక మూడో రకం దొంగతనమని తేల్చేశాడు.

ఈ చొరబాటు సంగతి నిక్సన్‌కు ముందే తెలుసనడానికి గట్టి ఆధారం ఏదీ బయటపడలేదు. అలాంటప్పుడు బాధ్యులను ఆ వారమే సాగనంపి చేతులు కడుక్కుంటే సరిపోయేది కదా అని చాలామంది అడుగుతారు. సరిపోయేది కాదు. హంట్‌కు, లిడ్డీకి తెలిసింది ఈ ఒక్క దొంగతనమే అయితే కథ వేరుగా ఉండేది. వియత్నాం యుద్ధంపై పెంటగాన్ రహస్య పత్రాలను పత్రికలకు అందించిన డేనియల్ ఎల్స్‌బర్గ్ పరువు తీయడానికి, 1971 సెప్టెంబరులో అతడి మానసిక వైద్యుడి కార్యాలయం తలుపులు పగలగొట్టించిందీ వీరిద్దరే. అది వైట్‌హౌస్ లోపల పుట్టిన బృందం చేసిన పని. వీరిలో ఏ ఒక్కరు నోరు విప్పినా తీగ లాగితే డొంకంతా కదులుతుంది. వారి మౌనానికి అంత ధర పలికింది అందువల్లనే.

నిక్సన్‌ను చివరికి పడగొట్టిన టేపు జూన్ 23 నాటిది, అంటే దొంగలు పట్టుబడిన ఆరో రోజుది. అందులో ఆయన ముఖ్య సహాయకుడు హాల్డెమన్ మొరపెట్టుకున్నది డబ్బు గురించే. దొంగల్లో ఒకడైన బార్కర్‌కు మయామీ బ్యాంకులో ఉన్న ఖాతాలోకి ప్రచార నిధి నుంచి 25,000 డాలర్ల చెక్కు ఒకటి, మెక్సికో మీదుగా తిప్పిన మరికొంత సొమ్ము వెళ్లాయి. కేసు దర్యాప్తు చేస్తున్న ఎఫ్‌బీఐ ఆ సొమ్ము జాడ పట్టుకుంది. ఇది తమ వ్యవహారం, ఇందులో వేలు పెట్టవద్దని గూఢచారి సంస్థ సీఐఏ చేత ఎఫ్‌బీఐకి చెప్పించాలన్న ఉపాయానికి అధ్యక్షుడు ఆ గదిలోనే సరేనన్నాడు. ఆ ఉపాయం పట్టుమని రెండు వారాలు సాగింది. ఆ మాటే కాగితం మీద రాసి ఇమ్మని ఎఫ్‌బీఐ తాత్కాలిక అధిపతి గ్రే అడిగేసరికి సీఐఏ వెనక్కి తగ్గింది. నోటిమాటగా ఎంతైనా చెప్పవచ్చు గానీ సంతకం పెట్టవలసి వస్తే ఎవరి ఉద్యోగం వారికి గుర్తొస్తుంది.

అటు దర్యాప్తును ఆపే ప్రయత్నం సాగుతుండగానే ఇటు నిందితుల పోషణ మొదలైంది. నిక్సన్ వ్యక్తిగత న్యాయవాది హెర్బర్ట్ కామ్‌బాక్ డబ్బు సమీకరించాడు. దాన్ని చేర్చే పని న్యూయార్క్ పోలీసు శాఖలో పనిచేసి విరమించిన టోనీ ఉలసెవిచ్‌కు అప్పగించారు. సెనేట్ కమిటీ ముందు అతడు చెప్పిన సంగతులు విని సభ్యులే నవ్వు ఆపుకోలేకపోయారు. ఎవరికీ అనుమానం రాకుండా మాట్లాడాలంటే వీధి టెలిఫోన్ బూత్‌లే గతి. వాటికి చిల్లర కావాలి. జేబుల నిండా నాణేలు మోయలేక అతడు బస్సు కండక్టర్లు నడుముకు తగిలించుకునే చిల్లర పెట్టె ఒకటి కొనుక్కున్నాడు. మిస్టర్ రివర్స్ అన్న మారుపేరుతో ఫోన్లు చేసేవాడు. ఒకసారి హంట్ న్యాయవాది కార్యాలయమున్న భవనంలో, కింది అంతస్తు టెలిఫోన్ల దగ్గర 25,000 డాలర్ల కవరు పెట్టి, ఆ లాయరు దిగి వచ్చి తీసుకునే దాకా దూరంగా నిలబడి చూశాడు. మరోసారి విమానాశ్రయంలోని లాకర్‌లో డబ్బు పెట్టి, తాళంచెవిని ఫోన్ కింద అంటించాడు. ప్రపంచంలోకెల్లా బలమైన ప్రభుత్వం తన పరువును ఇలా కవర్లలోనూ లాకర్లలోనూ మోయించింది.

సెప్టెంబరు నాటికి భయం పట్టుకున్న కామ్‌బాక్ తప్పుకున్నాడు. అయినా డబ్బు ఆగలేదు. వైట్‌హౌస్ చేతిలో విడిగా ఉంచుకున్న నగదు నిధిలోంచి తీసి పంచారు. నవంబరు ఎన్నికల్లో నిక్సన్ 50 రాష్ట్రాల్లో 49 గెలిచాడు. ఇంతటి విజయం కళ్ల ముందు ఉన్నవాడికి ప్రత్యర్థి పార్టీ కార్యాలయంలో మైకులు పెట్టించే మనుషులు ఎందుకు కావలసివచ్చారో నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. డిసెంబరులో షికాగోలో కూలిన విమానంలో హంట్ భార్య డొరొతీ మరణించింది. ఆమె సంచిలో పది వేల డాలర్ల నగదు దొరికింది. జనవరిలో నేరం ఒప్పుకున్న హంట్‌కు ముందున్నది జైలే. అతడి కోరికలు అప్పటి నుంచి మరీ పెరిగాయి.

1973 మార్చి 21 నాటి సంభాషణ ఈ పద్దుకు పరాకాష్ఠ. అధ్యక్షుడి న్యాయ సలహాదారు జాన్ డీన్ ఆ ఉదయం ఆయన ఎదుట కూర్చుని, పదవినే తినేస్తున్న క్యాన్సర్ పుట్టిందని, హంట్ తాజాగా లక్షా ఇరవై వేల డాలర్ల దాకా అడుగుతున్నాడని, వీరందరినీ పోషించాలంటే రాబోయే రెండేళ్లలో పది లక్షల డాలర్లు కావలసి ఉంటుందని చెప్పాడు. మనవాళ్లకు ఇలాంటి పనుల్లో అనుభవం లేదు, ఇవి మాఫియా వాళ్లు చేసే పనులు అని కూడా అన్నాడు. దానికి నిక్సన్, పది లక్షలు తేవచ్చు, నగదుగానే తేవచ్చు, ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు అన్నాడు. ఆ రాత్రే 75,000 డాలర్లు హంట్ లాయరుకు చేరాయి. ఆ మాటలన్నీ ఆయనే పెట్టించుకున్న యంత్రంలో రికార్డవుతూ ఉన్నాయి. బంగ్లాదేశ్ సంక్షోభ కాలంలో మన ఇందిరా గాంధీ గురించి ఆయన, ఆయన జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్ ఆడిన అసభ్యపు మాటలను పట్టి ఉంచినవీ ఈ టేపులే. అవి మన చెవిన పడడానికి 2005 దాకా పట్టింది.

ఇంత ఖర్చు చేసినా మెకార్డ్ నోరు ఆగలేదు. సాక్షులు అబద్ధాలు చెప్పారని, మాట్లాడవద్దని నిందితులపై ఒత్తిడి తెచ్చారని అతడు రాసిన ఉత్తరాన్ని న్యాయమూర్తి సిరికా మార్చి 23న కోర్టులో చదివి వినిపించాడు. తర్వాత డీన్ కూడా ప్రాసిక్యూటర్ల వైపు తిరిగాడు. జూలైలో బటర్‌ఫీల్డ్ అనే మాజీ సహాయకుడు టేపుల సంగతి బయటపెట్టాడు. వాటిని అడిగిన ప్రత్యేక ప్రాసిక్యూటర్ కాక్స్‌ను తొలగించమంటే అటార్నీ జనరల్ రిచర్డ్‌సన్ రాజీనామా చేశాడు; ఆయన కింది అధికారి రకల్స్‌హౌస్ కూడా ఆ పని చేయనని పదవి వదిలాడు. 1974 జూలై 24న సుప్రీంకోర్టు టేపులు ఇచ్చి తీరాలని 8-0తో తీర్పు చెప్పింది. ఆ ఎనిమిది మందిలో ముగ్గురు నిక్సన్ నియమించినవారే. మూడు రోజుల తర్వాత ప్రతినిధుల సభ న్యాయ కమిటీ 27-11 ఓట్లతో ఆమోదించిన మొదటి అభిశంసన అధికరణంలో, మౌనం కొనడానికి చాటుమాటుగా డబ్బు చెల్లించడాన్ని అనుమతించాడన్న అభియోగం విడిగా ఉంది. ఆగస్టు 5న జూన్ 23 టేపు బయటికి రావడంతో సొంత పార్టీ పెద్దలే ఇక ఆయన పదవిని కాపాడేటన్ని ఓట్లు లేవని చెప్పారు. ఆగస్టు 9న నిక్సన్ పదవి వీడాడు.

హాల్డెమన్, మాజీ అటార్నీ జనరల్ మిచెల్ వంటివారు జైలుకు వెళ్లారు. నిక్సన్‌కు మాత్రం నెల తిరిగేసరికి, సెప్టెంబరు 8న, కొత్త అధ్యక్షుడు ఫోర్డ్ పూర్తి క్షమాభిక్ష ఇచ్చాడు; అధ్యక్షుడిగా ఉన్న కాలమంతటికీ వర్తించేలా రాశారు. దేశం ముందుకు సాగడానికి అది అవసరమని వాదించేవారు నేటికీ ఉన్నారు. నేను ఆ వాదనతో ఏకీభవించలేను. పది లక్షల డాలర్లు ఎక్కడ దొరుకుతాయో తనకు తెలుసన్న మనిషిని, అది ఎక్కడో చెప్పమని ప్రమాణం చేయించి కోర్టులో నిందితుడిగా అడిగే అవకాశం ఆ సంతకంతో పోయింది.