పదో తరగతి పాసైనా హైస్కూలు పూర్తి కానట్టేనట!

నిన్ననే అడ్మిషన్ మెయిల్ వచ్చింది. మూడు వారాల టెన్షన్ ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

టెక్సాస్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్ కోర్సుకి అప్లై చేశాను. ఫారం, ఫీజు, అడ్రస్ ప్రూఫ్ ఒక్క పూటలో అయిపోయాయి. హైస్కూలు ఏదని అడిగినచోట మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు, 2006 అని రాశాను. బడి గేటు మీద ఉన్న పేరే అది!

కౌంటర్లో ఆవిడ సర్టిఫికెట్ చూసి, "పదో గ్రేడ్‌తో ఆపేశారు, ముందు జీఈడీ పాసై రండి" అంది. హైస్కూలు మధ్యలో మానేసినవాళ్లు రాసే పరీక్ష అది. వెనక లైన్లో అందరూ వింటున్నారు. బీకాం ఫస్ట్ క్లాసులో పాసైన నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అమెరికాలో హైస్కూలంటే 9 నుంచి 12 దాకా. మన ఇంటర్ అందులోకే వస్తుంది.

జూనియర్ కాలేజీలో ఇంటర్ చదివానన్నాను. ఇంకా చిక్కుపడింది. వీళ్లకి జూనియర్ కాలేజీ అంటే హైస్కూలు అయ్యాక చదివే రెండేళ్ల కాలేజీ. "హైస్కూలు అవకుండా కాలేజీకెలా వెళ్లారు?" అంది. మార్కుల మెమో మీద ఇంటర్మీడియట్ బోర్డు పేరు చూపించాను. టెక్సాస్‌లో చాలాచోట్ల ఇంటర్మీడియట్ స్కూలంటే 5, 6 తరగతుల పిల్లల బడి! రెండు రాష్ట్రాల్లో ఏటా లక్షల మంది రాసే పరీక్ష గురించి ఒక్క నిమిషం వెతికి చూడడానికి ఆవిడకి ఓపిక లేకపోయింది.

ఇంటర్ మెమోలు, డిగ్రీ కాగితాలు పంపి ఎవాల్యుయేషన్ రిపోర్టు, అంటే మన చదువు అమెరికాలో దేనికి సమానమో చెప్పే కాగితం, తెప్పించుకున్నాను. మీరు మాత్రం హైస్కూలు అన్నచోట ఇంటర్ చదివిన కాలేజీ పేరు, ఇంటర్ పాసైన సంవత్సరం రాయండి. నోటితో చెప్పేటప్పుడు "గ్రేడ్ 12" అనండి. కన్సల్టెన్సీ వాళ్లని మాత్రం అడగకండి. టెన్త్ మెమో చాలని నాకు చెప్పింది వాళ్లే.

వేరే దేశమైతే మళ్లీ కనుక్కోవాలి. స్కాట్లాండ్‌లో, ఎడిన్‌బరోలో ఉన్న మా చెల్లి కూతురు పన్నెండేళ్లకి హైస్కూల్లో చేరింది, అక్కడ ఆరేళ్లు. ఇంగ్లండ్‌లో పదహారేళ్లకి జీసీఎస్‌ఈ అనే పరీక్షలు, ఆ తర్వాత మన ఇంటర్ లాగా రెండేళ్లు సిక్స్త్ ఫామ్. న్యూజిలాండ్‌లో చాలా హైస్కూళ్ల పేర్లలో కాలేజీ అనే ఉంటుంది.

రిపోర్టు పట్టుకుని మళ్లీ వెళ్తే కౌంటర్లో ఆవిడే ఉంది. చదివి, కంప్యూటర్లో హైస్కూలు పూర్తయిన సంవత్సరం 2008 అని కొట్టింది. సారీ అనలేదు.