యాతెంగా రాతి వరుసలు

ప్రజలే నడిపించుకునే అభివృద్ధి గురించి ఎక్కడ చర్చ వచ్చినా నాకు ముందుగా పశ్చిమ ఆఫ్రికా దేశమైన బుర్కీనా ఫాసోలోని ఉత్తర ప్రాంతం యాతెంగాయే గుర్తుకు వస్తుంది. రైతులను అడగకుండా చేసిన పనీ, రైతులు తమ చేతుల్లోకి తీసుకున్న పనీ రెండూ అక్కడ ఒకే నేల మీద, ఒకే సమస్య కోసం జరిగాయి.

ఆ దేశాన్ని ఎగువ వోల్టా అని పిలిచే రోజుల్లో, 1962-65 మధ్య, నేలకోతను ఆపాలని భారీ యంత్రాలను దించి దాదాపు 1,20,000 హెక్టార్లలో మట్టికట్టలు పోయించారు. వాటి ప్రణాళికలో రైతుల ప్రమేయం లేదు. తమవి కాని కట్టలను మరమ్మతు చేయవలసిన అవసరం వారికి కనిపించలేదు, కొన్నేళ్లకే అవి వానలకు కరిగిపోయాయి.

1979లో ఆక్స్‌ఫామ్ అనే స్వచ్ఛంద సంస్థ అక్కడ వాన నీటిని నిలబెట్టి చెట్లు పెంచే పథకాన్ని మొదలుపెట్టింది. వరుస కరవులతో గింజలకే కటకటగా ఉన్న రైతులు, వాన నీటిని నిలబెట్టే ఆ పద్ధతి చెట్ల కంటే ముందు తమ జొన్నకు కావాలన్నారు. సంస్థ ఆ మాట విని పథకాన్నే మార్చుకుంది. ఈ కథలో నేను అన్నిటికన్నా విలువనిచ్చేది ఆ మార్పుకే.

అలా నీటిని నిలపడానికి పొలానికి అడ్డంగా రాళ్ల వరుసలు పేర్చడం అక్కడి వారికి కొత్త కాదు. అయితే వాలు ఎంత స్వల్పమంటే సమాన మట్టం ఎక్కడ ఉందో కంటికి తెలియదు, వరుస కాస్త వంకరపోయినా నీరంతా ఒకచోట చేరి గండి కొడుతుంది. దానికి దొరికిన పరిష్కారం నీళ్లు నింపిన పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం. మన తాపీ మేస్త్రీలు పునాది మట్టం చూసే లెవెల్ పైపు లాంటిదే. చదువు రాని రైతు కూడా కొద్ది రోజుల్లో దానితో కొలవడం నేర్చుకోగలిగాడు, కొలత నేర్చుకున్నాక ఇంజనీరు కోసం ఎదురుచూడవలసిన పని లేకపోయింది. రాళ్ల సందుల్లోంచి నీరు నెమ్మదిగా జారి ఇంకుతుంది, ఒండ్రు వరుస వెనుక నిలుస్తుంది. అదే కాలంలో యాకూబా సవాదోగో వంటి రైతులు ఎండాకాలంలో గుంతలు తవ్వి ఎరువు వేసే పాత ‘జాయ్’ పద్ధతిని మెరుగుపరచి, గట్టిపడి బీడైన నేలలో మళ్లీ పంట తీశారు.

ఈ పనులు ఊరూరా పాకడానికి బెర్నార్ లేదేయా ఊయెద్రావోగో 1967లో ప్రారంభించిన ‘నామ్’ అనే గ్రామ రైతు సంఘాలు ఎంతో తోడ్పడ్డాయి. అక్కడి మొస్సీ జాతి ప్రజల గ్రామాలలో యువతీయువకులు కలిసి పనిచేసే సంప్రదాయం అప్పటికే ఉంది, ఆయన కొత్త వ్యవస్థను తెచ్చి పెట్టకుండా దాని మీదే కట్టారు.

అయినా ఈ పని భారం అందరికీ ఒకటి కాదు. ఒక హెక్టారుకు టన్నుల కొద్దీ రాళ్లు కావాలి. మగవారు కూలి కోసం ఐవరీకోస్ట్‌కు వలసపోయిన ఇళ్లలో వాటిని తల మీద మోసింది ఎక్కువగా స్త్రీలే. బండీ, గాడిదా లేని కుటుంబానికి, దగ్గరి గుట్టల్లో రాళ్లు అయిపోయాక, ఈ పని దాదాపు అసాధ్యం. బయటి సంస్థల డబ్బు నిజంగా అవసరమయ్యేది అక్కడేనని నా అభిప్రాయం: లారీ కిరాయికి, డీజిలుకు. ఆ రాళ్లు ముందుగా ఏ పొలానికి చేరాలన్నది మాత్రం ఊరే తేల్చుకోవాలి.