బోర్లా పడుకున్న అరగంట

ఎడమ రొమ్ములో క్యాన్సర్ అని బయాప్సీలో తేలాక, ఆపరేషన్‌కి ముందు ఎమ్మారై తీయించమన్నారు. మామోగ్రామ్‌లో గడ్డ కనబడిందిగా, మళ్లీ ఇదెందుకు? నాది దట్టమైన కణజాలం. మామోగ్రామ్‌లో అదీ తెల్లగానే ఉంటుంది, గడ్డా తెల్లగానే ఉంటుంది. ఎమ్మారైలో పట్టిచ్చేది రక్తప్రసారం. క్యాన్సర్ గడ్డ పెంచుకున్న కొత్త రక్తనాళాల గోడలు బలహీనం. నరంలోకి ఎక్కించిన గాడోలినియం అనే మందు వాటిలోంచి గబగబా బయటికి కారి, చాలాసార్లు అంతే గబగబా తగ్గిపోతుంది. క్యాన్సర్ వెతకడానికైతే ఈ మందు తప్పదు. అది కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి, అందుకే చాలాచోట్ల ముందు వాటి పనితీరు చూసే క్రియాటినిన్ రక్తపరీక్ష చేస్తారు.

నెలసరి వస్తున్నవాళ్లకు 7వ రోజు నుంచి 14వ రోజు లోపు తీస్తే మంచిది. మిగతా రోజుల్లో హార్మోన్ల వల్ల మామూలు కణజాలం కూడా మందు చేరి బొమ్మలో మెరుస్తుంది. క్యాన్సర్ ఖాయమైనవాళ్లకు మాత్రం ఆ రోజుల కోసం ఆపరేషన్ ఆపరు.

బల్ల మీద బోర్లా పడుకుంటే రొమ్ములు కాయిల్‌లోని (సంకేతాలు అందుకునే చట్రం) రెండు గుంటల్లోకి వేలాడాలి. చర్మం మడతపడకూడదు. బరువంతా ఛాతీ ఎముక మీద పడుతుంది. నొప్పిగా ఉంటే అప్పుడే చెప్పి మెత్త సర్దించుకోవాలి, మందు ఎక్కాక చెబితే లాభం లేదు. మొదట మందు లేకుండా ఒక వరుస బొమ్మలు తీస్తారు. తర్వాత కిలోకి 0.1 మిల్లీమోల్ లెక్కన మందు. 60 కిలోల మనిషికి మామూలు గాఢతలో 12 మి.లీ. సెకనుకు 2 మి.లీ. చొప్పున పంపు తోస్తుంది, వెనకే 20 మి.లీ. సెలైన్. చేతిలో చల్లగా పాకుతుంది. ఆ తర్వాత ఒకటి, ఒకటిన్నర నిమిషాలకోసారి అవే బొమ్మలు. కంప్యూటర్ రెండోదాంట్లోంచి మొదటిదాన్ని తీసేస్తుంది, మిగిలిందే మెరుపు. మధ్యలో రెండు మిల్లీమీటర్లు జరిగినా కొవ్వు అంచులు లేని మెరుపు చూపిస్తాయి. దగ్గు వస్తే మందు ఎక్కకముందే దగ్గేయాలి.

నా రిపోర్టులో కుడివైపు 8 మి.మీ. మచ్చ, బైరాడ్స్ 4, అంటే అనుమానం ఉంది, ముక్క తీసి చూడాలని. మెరిసిందల్లా క్యాన్సర్ కాదు. ఆ ఒక్క రిపోర్టు చూసి రెండో రొమ్ము తీయించుకోకూడదు, ముందు సూది పరీక్ష. అల్ట్రాసౌండ్‌లో మళ్లీ వెతికారు, కనబడలేదు. చివరికి ఎమ్మారైలోనే సూది పెట్టి ముక్క తీసి, ఆ చోట చిన్న టైటానియం క్లిప్ వదిలారు. ఫైబ్రోఎడినోమా అని వచ్చింది, అంటే క్యాన్సర్ కాని గడ్డ.

ఎడమవైపు గడ్డ తీసేశారు, రేడియేషన్ అయింది. ఏటా మామోగ్రామ్ మానలేదు, క్యాన్సర్‌కి తొలి గుర్తు కాగల సున్నపు చుక్కలు ఎమ్మారైలో కనబడవు మరి. క్లిప్ ఎమ్మారైకి అడ్డు కాదు. రొమ్ము మళ్లీ కట్టించుకునేవాళ్లకు పెట్టే ఎక్స్‌పాండర్లు (చర్మాన్ని మెల్లగా సాగదీసే సంచులు) కొన్నింటిలో మాత్రం అయస్కాంతం ఉంటుంది. వాళ్లు ఆ ఎక్స్‌పాండర్ వివరాలున్న కార్డు చూపించకుండా స్కాన్ గది గడప దాటకూడదు.