నూనె డబ్బా అంత గేమింగ్ పీసీ, రెండు రాత్రుల నల్ల తెర

సోమవారం మధ్యాహ్నం నుంచి సిస్టమ్ నడుస్తోంది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది కాబట్టి చల్లారకముందే రాసేస్తున్నా.

మాది విజయవాడ మొగల్రాజపురంలో రెండు గదుల వాటా. బీరువాకీ కిటికీకీ మధ్య ఒక చిన్న బల్ల పడుతుంది, అంతే. పెద్ద టవర్ పెడితే ఇక కుర్చీ బయటే వేసుకోవాలి. పీసీ డబ్బాల సైజు లీటర్లలో చెబుతారు. మొదట 10 లీటర్ల క్యాబినెట్ మీద మనసు పడింది. కానీ మే నెలలో మా పడమటి గోడ రాత్రి పదింటికి కూడా కాలుతూ ఉంటుంది. అంత ఇరుకు డబ్బాలో గాలి ఆడదని 18 లీటర్లకి వచ్చాను. దాదాపు 15 కేజీల నూనె డబ్బా అంత అన్నమాట. అమ్మ చూసి, "ఇంత దానికి లక్ష రూపాయలా? మరి పెద్దదానికెంత?" అంది. పెద్దదైతే ఇంకా తక్కువకే వస్తుందని చెప్పలేకపోయాను.

ప్రాసెసర్ ఎంచుకోవడం పది నిమిషాల పని. రైజెన్ 5 7600. 65 వాట్లే, కూలర్ కూడా పెట్టెలోనే వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 5060. 145 వాట్లు, రెండు ఫ్యాన్లది, ఒక్క 8 పిన్ కేబుల్ చాలు. మూడు ఫ్యాన్ల కార్డు కొనమని మా బావ ఒకటే పోరు. వాడి క్యాబినెట్ ఫ్రిజ్ అంత ఉంటుంది, వాడికేం.

గొడవంతా మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ (అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా) దగ్గరే. మినీ ఐటీఎక్స్ బోర్డు అంటే 17 సెంటీమీటర్ల చదరం. ర్యామ్‌కి రెండే స్లాట్లు, గ్రాఫిక్స్ కార్డుకి ఒకటే. తక్కువ ఇచ్చి ఎక్కువ తీసుకునే బోర్డు అది, మామూలు దానికంటే నాకు ఎనిమిది వేలు ఎక్కువైంది. గవర్నర్‌పేటలో ఒక షాపుకి వెళ్లి అడిగితే ఓనర్, "ఐటీఎక్స్ ఎందుకు సార్, మైక్రో తీసుకోండి, అదీ చిన్నదే" అన్నాడు. ఎస్‌ఎంపీఎస్ కూడా మామూలు పెద్ద సైజు ఏటీఎక్స్‌దే చేతిలో పెట్టబోయాడు. నేను తీసుకున్న క్యాబినెట్‌లో అది పట్టదు, ఎస్‌ఎఫ్‌ఎక్స్ అనే చిన్న సైజుది కావాలి. 125 మిల్లీమీటర్ల వెడల్పు, 63.5 ఎత్తు, 100 పొడవు. ఇదంతా కౌంటర్ దగ్గర నిలబడి ఆయనకి పాఠంలా చెప్పాను. "చదువుకుని షాపు పెట్టాలి సార్" అని కూడా అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

పొద్దున్నే శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాను. రెండు గంటల్లో అన్నీ దొరికాయి. ఒకచోట బిల్లు లేకుండా అయితే తగ్గిస్తామన్నారు. ఆ మాట వినగానే బయటికి వచ్చేయండి. తగ్గించేది మనం కట్టే 18 శాతం జీఎస్టీలోంచే, రేపు బోర్డు పోతే వారంటీకి అడిగేది ఆ బిల్లే. సాయంత్రం అదే బండికి తిరుగు ప్రయాణం, సీటు కింద పెట్టడానికి మనసొప్పక బోర్డు ఒళ్లో పెట్టుకుని వచ్చాను.

శనివారం రాత్రి పదకొండుకి బిగించడం అయిపోయింది. కేబుల్స్ అంత నీట్‌గా సర్దినవాణ్ని నేనైతే చూడలేదు. స్విచ్ నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి. తెర మీద నో సిగ్నల్. బోర్డు మూల, ర్యామ్ పేరు పక్కన, చిన్న పసుపు లైటు.

నిమిషంన్నర చూసి ఆపేశాను. ర్యామ్ పీకి మళ్లీ పెట్టాను. అదే లైటు. ఒక్కటే ఉంచాను. స్లాటు మార్చాను. మానిటర్ కేబుల్ కార్డు నుంచి తీసి బోర్డుకి పెట్టాను, మళ్లీ కార్డుకి పెట్టాను. బోర్డు బ్యాటరీ తీసి పెట్టాను. ఒంటిగంటకి ప్రాసెసర్ కూడా ఊడదీశాను. ఈ కొత్త సాకెట్‌లో పిన్నులు బోర్డు మీదే ఉంటాయి, 1718. ఒక్కటి వంగినా బోర్డు పోయినట్టే. అమ్మ ఫోన్ టార్చి పట్టుకుంది, నేను భూతద్దంతో వరసలు చూశాను. బంగారు రంగులో, జొన్న కంకి మీద నూగులా ఉన్నాయి. ఏదీ వంగినట్టు లేదు, అన్నీ వంగినట్టూ ఉన్నాయి. "పడుకోరా, పొద్దున చూద్దాం" అంది. ఆదివారం అంతా ఇదే తంతు. బావ ఫోన్ చేసి, "ల్యాప్‌టాప్ కొనుక్కోమన్నానా లేదా" అన్నాడు. పెట్టేశాను.

సోమవారం తెలిసినవాళ్లందరినీ అడిగితే, ఇలాంటివి చూసే కుర్రాడు ఫలానా షాపులో ఉన్నాడన్నారు. ఏ షాపో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆటోలో డబ్బా ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. ఓనర్ నన్ను చూసి, "రండి సార్" అన్నాడు, అంతే. ఆ మర్యాదే ఎక్కువ బాధగా ఉంది. కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. నేను చేసినవన్నీ వరసగా చెబుతుంటే వింటూనే వైరు పెట్టి, స్విచ్ నొక్కి, "అన్నా, టీ తాగొద్దాం" అన్నాడు. లైటు పసుపే, తెర నలుపే. ఇదేం నిర్లక్ష్యం అనుకుంటూ కిందకి దిగాను. అల్లం టీ, బాగానే ఉంది. పైకి వచ్చేసరికి తెర మీద బయోస్, అదే, బోర్డు సెట్టింగుల పేజీ.

"ఏం చేశావ్?"

"ఏం చెయ్యలేదన్నా. డీడీఆర్5 ర్యామ్ కదా, మొదటిసారి బోర్డు ర్యామ్‌తో లెక్కలు కుదుర్చుకుంటుంది. ఐదు నిమిషాలు పట్టొచ్చు, పదీ పట్టొచ్చు. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికే."

అంటే నేను ఆపిన ప్రతిసారీ అది మొదటి నుంచి మొదలుపెట్టింది. బ్యాటరీ పీకి, నేర్చుకున్నదేమైనా ఉంటే అదీ చెరిపేశాను. రెండు రోజుల్లో ఒక్కసారి కూడా రెండు నిమిషాలు ఆగలేదు. బోర్డు పెట్టెలో నాలుగు భాషల్లో వారంటీ కాగితం వేసినవాళ్లు, "మొదటిసారి పది నిమిషాలు ఆగండి" అని ఒక్క చీటీ వెయ్యలేకపోయారా?

ఓనర్ 500 తీసుకున్నాడు. బిల్లు రాస్తూ, పక్కన ప్రింటర్ కోసం వచ్చినాయనతో, "సార్ బాగా చదువుకున్నారండి, సాఫ్ట్‌వేర్" అన్నాడు. ఆయన నా డబ్బా వైపు చూసి, "యూపీఎస్సా?" అని అడిగాడు.

కుర్రాడు చెప్పిన ఒక సంగతి పనికొచ్చేది. బయోస్‌లో మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్ అని ఉంటుంది, అది ఆన్ చేస్తే ప్రతిసారీ ఈ తంతు ఉండదు. ఇంటికొచ్చి అది పెట్టి, ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌పో సెట్టింగు కూడా ఆన్ చేసి దాన్ని 6000 స్పీడుకి తెచ్చాను. రీస్టార్ట్ అవ్వగానే మళ్లీ నల్ల తెర, పసుపు లైటు. చెయ్యి స్విచ్ మీదకి వెళ్లింది. "ముట్టుకోకు" అంది అమ్మ వెనక నుంచి. మూడు నిమిషాలకి వచ్చింది. కుర్రాడికి ఫోన్ చేసి చెబుదామనుకున్నా గానీ, నా దగ్గరున్నది షాపు నంబరే, ఓనర్ ఎత్తుతాడని మానేశాను.