రామప్ప మదనికల కింద

ఫొటోల్లో ఎన్నిసార్లు చూసినా రామప్ప గుడి మదనికల, అంటే చూరు కింద నిలిపిన స్త్రీ శిల్పాల సంగతి నాకు సరిగ్గా అర్థం కాలేదు. మండపం మెట్లెక్కుతూ తలెత్తితేగానీ తెలియలేదు. గుడి గోడలేమో ఎర్ర ఇసుకరాయి. స్తంభానికీ చూరుకీ మధ్య ఏటవాలుగా నిలబడ్డ ఈ ఆడవాళ్లు మాత్రం నల్లరాయి, అద్దంలా నున్నగా! 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది. ఇన్ని వందల ఏళ్లు ఎండావానా తిన్నా ఆ నునుపు పోలేదు.

ఎత్తు మడమల చెప్పులేసుకున్న మదనిక దగ్గర ఫోన్ల హడావిడి అంతా ఇంతా కాదు. నా ఓటు మాత్రం ఒంటికి పాముల్ని చుట్టుకున్న నాగినికే. ముఖంలో బెదురన్నదే లేదు, నడుము దగ్గర ఆ వంపు చూడాలి. మెడలో హారం ఒంటికి అంటుకోకుండా పైకి తేలినట్టు చెక్కారు, దాని కింద సన్నటి నీడ పడుతోంది. ఉలి ఒక్కసారి జారితే ఏమయ్యేదో!

2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, సంతోషమే. గుడి శిఖరానికి వాడిన, నీళ్లలో తేలే ఇటుకల గురించి ఎలాగూ అందరూ చెప్తారు. మీరు వెళ్తే మిట్టమధ్యాహ్నం వద్దు, ఎండ ఏటవాలుగా పడే వేళ చూసుకోండి. లేదంటే చూరు నీడలో సగం పనితనం కనిపించదు. మెడనొప్పి మాత్రం గ్యారంటీ.